విండోస్‌లో ఆర్, ఆర్‌స్టూడియో అమరిక: ఇన్‌స్టాల్ కాని ప్యాకేజీలు, చెదిరే తెలుగు అక్షరాలు, వేరే కంప్యూటర్‌లో మారే ఫలితాలు

సేద్యగణితం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను వ్యవసాయ రంగంలో పరిశోధన చేస్తున్నాను. మండలాలవారీ వర్షపాతం, వరి దిగుబడి లెక్కలతో పాటు, రెండు వరి రకాల మీద మూడు నత్రజని మోతాదులతో వేసిన ఒక క్షేత్ర ప్రయోగం ఫలితాలను కూడా ఆర్ అనే గణాంక భాషలో విశ్లేషించవలసి ఉంది. నా ల్యాప్‌టాప్‌లో విండోస్ 11, 8 జీబీ ర్యామ్, ఆర్ 4.1.3, ఆర్‌తో పని చేసుకోవడానికి వాడే ఆర్‌స్టూడియో ఉన్నాయి. ఆర్‌నూ ఆర్‌స్టూడియోనూ నాకంటే ముందు ఈ యంత్రాన్ని వాడిన సీనియర్ అమర్చి ఇచ్చారు. అమరిక గురించి పెద్దగా పట్టించుకోకుండానే ఇన్నాళ్లూ పని నెట్టుకొచ్చాను గానీ, ఇప్పుడు మూడు చిక్కులు ఒక్కసారిగా ఎదురయ్యాయి.

ఒకటి, ఆర్‌కు అదనపు ఫంక్షన్లను చేర్చే కొత్త ప్యాకేజీ ఏది ఇన్‌స్టాల్ చేయబోయినా సోర్సు (మూల కోడ్) నుంచి కంపైల్ చేయమంటారా అని అడుగుతోంది. సరేనంటే ఎర్ర అక్షరాల పొడవాటి సందేశంతో ఆగిపోతోంది. పాత ప్యాకేజీని అప్‌డేట్ చేయబోతే, ముందున్న దాన్ని తొలగించలేకపోతున్నానన్న హెచ్చరిక వస్తోంది. ప్యాకేజీలన్నీ డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో ఉన్నాయి. ఆ ఫోల్డర్ ఎప్పటికప్పుడు క్లౌడ్‌లోకి చేరిపోయేట్లు అమర్చి ఉంది. నా విండోస్ వాడుకరి పేరు తెలుగు లిపిలో ఉంది. అదీ ఒక కారణమేమో తెలియదు.

రెండు, మండలాల పేర్లు తెలుగులో ఉన్న పట్టికను కన్సోల్‌లో చూస్తే అక్షరాలకు బదులు కోణపు బ్రాకెట్లలో యూ ప్లస్ అంటూ అంకెలు కనిపిస్తున్నాయి. గ్రాఫులో అయితే కొన్నిచోట్ల డబ్బాలు, కొన్నిచోట్ల ఒత్తులు విడిపోయిన అక్షరాలు వస్తున్నాయి.

మూడోదే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. ఒకే డేటా ఫైలు, ఒకే స్క్రిప్టు మా గైడు గారి కంప్యూటర్‌లో నడిపితే, టైప్-3 అనోవా (ప్రతి కారకం ప్రభావాన్ని విడిగా పరీక్షించే విశ్లేషణ) పట్టికలో రకం, మోతాదు వరుసల్లోని విలువలు నా పట్టికతో కలవడం లేదు. పైగా ఆర్‌స్టూడియో తెరిచిన ప్రతిసారీ ఎన్నడో సృష్టించిన వస్తువులన్నీ కుడివైపు కిటికీలో బారులు తీరి ఉంటాయి. అన్నీ తీసేసి మొదటినుంచి పద్ధతిగా అమర్చుకోవాలంటే ఏ వరుసలో చేయాలో పెద్దలు చెప్పగలరు.

గణాంకవనం

సేద్యగణితం గారూ, మీ మొదటి రెండు చిక్కులకు మూలం చాలావరకు ఒక్కటే. మీ ఆర్ పాతబడిపోయింది. ఆర్ ప్యాకేజీలను పంచిపెట్టే క్రాన్ భాండాగారం విండోస్ కోసం ముందే కంపైల్ చేసి ఉంచే ప్యాకేజీలను ప్రస్తుత ఆర్ శ్రేణికీ, దానికి సరిగ్గా ముందున్న శ్రేణికీ మాత్రమే తాజాగా తయారుచేస్తుంది. కొత్త శ్రేణి ఏటా ఏప్రిల్ ప్రాంతంలో వస్తుంది గనుక, 2021 నాటి 4.1 శ్రేణికి కొత్త ప్యాకేజీలు ఇక సోర్సు రూపంలోనే దొరుకుతాయి. వాటిని కంపైల్ చేయడానికి ఆ శ్రేణికి సరిపోయే ఆర్‌టూల్స్ అనే పనిముట్లు ఉండాలి. అది లేనందువల్లనే ఆ ఎర్ర అక్షరాలు. ఇప్పుడు పాత ఆర్‌టూల్స్‌ను వెతికి తెచ్చుకోవడం కంటే ఆర్‌నే కొత్తది పెట్టుకోవడం మేలు. కొత్త ఆర్‌లో కూడా, ఒక ప్యాకేజీ కొత్త వెర్షన్ వచ్చిన తొలి రోజుల్లో, సోర్సు ముందుగానూ సిద్ధరూపం కాస్త ఆలస్యంగానూ అందుతాయి కాబట్టి, అదే ప్రశ్న అప్పుడప్పుడు ఎదురవుతుంది. ఆ వెర్షనే కావాలన్న పట్టింపు లేకపోతే వద్దని చెప్పండి, సిద్ధంగా ఉన్న వెర్షన్ దిగుతుంది.

పాత ఆర్‌ను వెంటనే తీసేయనక్కరలేదు. రెండు వెర్షన్లు ఒకే యంత్రంలో పక్కపక్కనే ఉండగలవు. ఆర్‌స్టూడియో టూల్స్ మెనూలోని గ్లోబల్ ఆప్షన్స్‌లో, జనరల్ అన్నచోట ఏ ఆర్‌ను వాడాలో ఎంచుకోవచ్చు. మీ పని కొత్తదానిలో సాఫీగా నడుస్తోందని నిర్ధారించుకున్నాక పాతదాన్ని తొలగించండి. పాత ప్యాకేజీల ఫోల్డర్‌ను మాత్రం కొత్తదానిలోకి కాపీ చేయకండి. పాత ఆర్‌లో ఉండగానే ఇన్‌స్టాల్డ్ డాట్ ప్యాకేజెస్ ఇచ్చే పేర్ల జాబితాను ఒక ఫైలులో దాచుకుని, కొత్త ఆర్‌లో మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. అప్పుడు ఆ జాబితాలో సగం పేర్లు ఎందుకున్నాయో మీకే గుర్తుండదు, అవి వదిలేయవచ్చు.

ఇక ప్యాకేజీలు ఉండే చోటు. ఆర్ 4.1 వరకు విండోస్‌లో సొంత లైబ్రరీ డాక్యుమెంట్స్ లోపల ఏర్పడేది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 4.2 నుంచి అది యాప్‌డేటా లోపలి లోకల్ ఫోల్డర్‌లోకి మారింది. మీ డాక్యుమెంట్స్ క్లౌడ్‌తో ముడిపడి ఉంది కాబట్టి, ఆర్ ఒక పాత ప్యాకేజీని తొలగించబోయే క్షణంలో క్లౌడ్ సేవ అందులోని ఏదో ఒక ఫైలును పట్టుకుని ఉండే అవకాశం ఉంది. మీరు చూసిన హెచ్చరికకు అది ఒక కారణం. అదే ప్యాకేజీ మరో ఆర్‌స్టూడియో కిటికీలో తెరిచి ఉండడం రెండో కారణం. లైబ్రరీ ఫోల్డర్‌లో సున్నా సున్నా లాక్ అని మొదలయ్యే ఫోల్డర్లు మిగిలిపోయి ఉంటే, ఆర్ కిటికీలన్నీ మూసి వాటిని చేత్తో తొలగించవచ్చు.

కొత్త ఆర్ పెట్టగానే డాక్యుమెంట్స్ బెడద తీరుతుంది గానీ, యాప్‌డేటా కూడా మీ వాడుకరి పేరుతో ఉన్న ఫోల్డర్ లోపలే ఉంటుంది. తెలుగు అక్షరాలో, ఖాళీలో ఉన్న దారులను (ఫోల్డర్ చిరునామాలను) కొత్త ఆర్ చదవగలదు. ఆర్ పిలిచే బయటి పనిముట్లలో కొన్ని చదవలేవు. అందుచేత మీ విషయంలో లైబ్రరీని సీ డ్రైవులో నేరుగా, చిన్న ఇంగ్లిష్ పేరున్న ఫోల్డర్‌లో పెట్టుకోమంటాను. ముందుగా ఆ ఫోల్డర్‌ను సృష్టించండి. ఆ తర్వాత, ఆర్ మొదలయ్యేటప్పుడు చదివే డాట్ ఆర్‌ఎన్విరాన్ అనే ఫైలులో ఆర్ లిబ్స్ యూజర్ అనే చలరాశికి ఆ దారిని ఇవ్వండి. దారిలో విండోస్ వాడే వెనుకవాటు గీతలకు బదులు ముందువాటు గీతలు వాడండి. ఈ వరుస ముఖ్యం, ఎందుకంటే ఆ పేరుతో ఫోల్డర్ లేకపోతే ఆర్ ఏ హెచ్చరికా ఇవ్వకుండా ఆ పంక్తిని పట్టించుకోదు.

ఆ ఫైలు ఎక్కడ ఉండాలన్నది చాలామంది తడబడే చోటు. విండోస్‌లో ఆర్ తన హోమ్‌గా భావించేది డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ను; మీ యంత్రంలో అది క్లౌడ్ ఫోల్డర్ లోపలికి మళ్లి ఉండవచ్చు. కాబట్టి ఊహించకుండా, పాత్ డాట్ ఎక్స్‌పాండ్‌కు తరంగ గుర్తును (~) ఇచ్చి ఏ దారి వస్తుందో చూడండి. అంతకంటే సులువైన మార్గం, యూజ్‌దిస్ ప్యాకేజీలోని ఎడిట్ ఆర్ ఎన్విరాన్ ఫంక్షన్‌ను పిలవడం. అది సరైన ఫైలునే తెరుస్తుంది. నోట్‌ప్యాడ్‌లో సృష్టిస్తే ఫైలు పేరు చివర టీఎక్స్‌టీ అని చేరిపోయి, విండోస్ ఆ పొడిగింపును దాచిపెట్టడం వల్ల, కంటికి అంతా సరిగ్గానే ఉన్నట్లు కనిపిస్తుంది. చివరి పంక్తి తర్వాత ఎంటర్ నొక్కి సేవ్ చేయండి. లేకుంటే ఆ పంక్తిని ఆర్ వదిలేయవచ్చు. తర్వాత ఆర్‌ను తిరిగి ప్రారంభించి డాట్ లిబ్‌పాత్స్‌ను పిలిస్తే మీ కొత్త ఫోల్డర్ మొదటి స్థానంలో కనబడాలి.

తెరవగానే పాత వస్తువులు కనిపించడం ఆర్‌స్టూడియో తొలి అమరిక ఫలితం. గ్లోబల్ ఆప్షన్స్‌లో జనరల్ అన్నచోటే, ప్రారంభంలో ఆర్‌డేటాను (పాత వస్తువులను దాచిన ఫైలును) పునరుద్ధరించాలన్న పెట్టెలో టిక్కు తీసేసి, ముగింపులో దాన్ని సేవ్ చేయాలా అన్నదానికి నెవర్ ఎంచుకోండి. మీ స్క్రిప్టు నిజంగా తన కాళ్ల మీద తాను నిలబడుతోందా అన్నది ఖాళీ ఆర్‌లో నడిపితేనే తెలుస్తుంది. పాత వస్తువులతో మొదలుపెట్టడమంటే నిన్నటి చద్దన్నాన్ని ఈనాటి వంటలో కలిపి వడ్డించడమే. పని మధ్యలో కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్10 నొక్కితే ఆర్ మళ్లీ ఖాళీగా మొదలవుతుంది. రోజుకు నాలుగుసార్లయినా అలా నొక్కి, పైనుంచి కిందికి స్క్రిప్టు నడపడం అలవాటు చేసుకోండి.

మూడో చిక్కు గురించి ఒక అనుమానం ఉంది గానీ, ముందుగా రెండు విషయాలు చూసి చెప్పండి. మీ పట్టికలోనూ గైడు గారి పట్టికలోనూ ఇంటరాక్షన్ (రకం, మోతాదుల ఉమ్మడి ప్రభావం) వరుస, రెసిడ్యువల్స్ (మోడల్ వివరించని మిగులు) వరుస ఒక్కటిగానే ఉన్నాయా? మీ హోమ్ ఫోల్డర్‌లో, ఆర్ మొదలైనప్పుడల్లా తనంతట తాను నడిపే డాట్ ఆర్‌ప్రొఫైల్ అనే ఫైలు ఉందా, ఉంటే అందులో ఏముంది?

ఒత్తులూ పొల్లులూ

తెలుగు అక్షరాల సంగతి నేను చెబుతాను. విండోస్‌లో ఆర్ 4.1 వరకు యంత్రపు స్థానిక ఎన్‌కోడింగ్‌ను వాడేది. అందులో తెలుగుకు చోటు లేకపోవడం వల్ల, అక్షరాన్ని చూపలేక దాని యూనికోడ్ సంఖ్యను చూపేది. మీ డేటాకు ఏ హానీ జరగలేదు, చూపడంలోనే లోపం. ఆర్ 4.2 నుంచి, తగినంత కొత్తదైన విండోస్ 10 లోనూ విండోస్ 11 లోనూ, యూటీఎఫ్-8 స్థానిక ఎన్‌కోడింగ్ అయింది. గణాంకవనం గారు చెప్పినట్లు కొత్త ఆర్ పెట్టుకుంటే కన్సోల్‌లో తెలుగు తెలుగుగానే కనిపిస్తుంది. ఆర్‌స్టూడియోలో కోడ్ విభాగపు సేవింగ్ అన్నచోట డిఫాల్ట్ టెక్స్ట్ ఎన్‌కోడింగ్ కూడా యూటీఎఫ్-8 గా ఉందో లేదో చూసుకోండి.

గ్రాఫు వేరే సంగతి. అక్కడ రెండు షరతులు నెరవేరాలి. ఎంచుకున్న ఫాంటులో తెలుగు అక్షరాలు ఉండాలి, బొమ్మ గీసే పరికరానికి ఒత్తులనూ గుణింతాలనూ కలిపి కూర్చే సామర్థ్యం ఉండాలి. మీకు డబ్బాలు వచ్చినచోట మొదటిది లోపించింది, ఒత్తులు విడిపోయినచోట రెండోది. రాగ్ అనే ప్యాకేజీ ఈ కూర్పును హార్ఫ్‌బజ్ అనే అక్షరకూర్పు సాఫ్ట్‌వేర్ సహాయంతో సరిగ్గా చేస్తుంది. దాన్ని ఇన్‌స్టాల్ చేసి, గ్లోబల్ ఆప్షన్స్‌లో జనరల్ కింద గ్రాఫిక్స్ అన్నచోట బ్యాకెండ్‌గా ఏజీజీని ఎంచుకోండి. గ్రాఫులు గీసే జీజీప్లాట్2 ప్యాకేజీలోని జీజీసేవ్, రాగ్ ఉంటే పీఎన్‌జీ బొమ్మలకు దాన్నే వాడుకుంటుంది. ఫాంటు పేరును థీమ్‌లో మీరే ఇవ్వాలి. విండోస్‌తో పాటే వచ్చే నిర్మలా యూఐ సరిపోతుంది. నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర వంటివి కావాలంటే దింపుకుని, అందరు వాడుకరులకూ వర్తించేలా ఇన్‌స్టాల్ చేసి, ఆర్‌ను తిరిగి ప్రారంభించండి. పేరును ఆర్ ఏ రూపంలో గుర్తించిందో సిస్టమ్‌ఫాంట్స్ ప్యాకేజీలోని సిస్టమ్ ఫాంట్స్ ఫంక్షన్ చూపుతుంది. ఈ పనికి షోటెక్స్ట్ అనే ప్యాకేజీ వాడమని చాలాచోట్ల సలహా కనిపిస్తుంది. అది ఫాంటును తెస్తుంది గానీ అక్షరాలను విడివిడిగా గీస్తుంది కాబట్టి తెలుగుకు పనికిరాదు.

నాకు ఇంతకంటే ముఖ్యంగా తోచేది మరొకటి. మండలాల పేర్లతో రెండు పట్టికలను కలిపితే కొన్ని వరుసలు కలవకుండా మిగిలిపోతాయి. చూస్తే రెండు పేర్లూ అచ్చంగా ఒకేలా ఉంటాయి. హైదరాబాద్ అన్న పేరు చివరి పొల్లు తర్వాత, కీబోర్డును బట్టి, కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఒకరి ఫైలులో ఉంటుంది, మరొకరి ఫైలులో ఉండదు. మనకు రెండూ ఒకటే, ఆర్‌కు వేర్వేరు. అలాగని ఆ గుర్తును అంతటా తుడిచేయకూడదు. మహబూబ్‌నగర్‌లో దాన్ని తీసేస్తే బ కింద న ఒత్తుగా మారి, పేరే చెడిపోతుంది. అందుచేత చూపడానికి ఉన్న పేరును అలాగే ఉంచి, పోల్చడానికి మాత్రం 200సీ సంఖ్య గల ఆ గుర్తునూ, అటూ ఇటూ ఉన్న ఖాళీలనూ స్ట్రింగ్ఆర్ ప్యాకేజీతో తీసేసిన మరో నిలువు వరుసను సృష్టించుకోండి. ఇంకా మేలైన పని, పేర్లతో కలపడమే మానడం. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో జిల్లాకూ, మండలానికీ, గ్రామానికీ సంఖ్యాసంకేతాలున్నాయి. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడు, పేర్ల మీద ఆధారపడిన స్క్రిప్టులన్నీ తిరగరాయవలసి వచ్చింది.

ఆర్‌స్టూడియో ఎడిటరులో తెలుగు రాసేటప్పుడు కర్సరు కనిపించే చోటు ఒకటి, అక్షరం పడే చోటు మరొకటి అవుతుంటుంది. ఆ ఎడిటరు ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు ఉంటుందని లెక్కవేసుకోవడమే దీనికి కారణం. అందువల్ల నేను స్క్రిప్టులో తెలుగు రాయను. సంకేతం, తెలుగు పేరు అనే రెండు నిలువు వరుసల సీఎస్‌వీ ఒకటి విడిగా ఉంచి, గ్రాఫు వేసే ముందు దాన్ని కలుపుతాను. ఆ ఫైలును ఎక్సెల్‌లో తయారుచేస్తే సీఎస్‌వీ యూటీఎఫ్-8 అన్న రకంగానే సేవ్ చేయండి. ఆర్ నుంచి ఎక్సెల్‌కు పంపేటప్పుడు రీడ్ఆర్ ప్యాకేజీలోని రైట్ ఎక్సెల్ సీఎస్‌వీ వాడితే అక్కడ తెలుగు చెదరదు.

గోదావరిగట్టు

పైవారి సలహాలు బాగున్నాయి గానీ, ఒక్క విషయంలో నాది వేరే మాట. డాట్ ఆర్‌ప్రొఫైల్ ఏదో అనుమానితుడైనట్లు ఎందుకు అడుగుతున్నారో తెలియదు. నేను ఒక కార్యాలయంలో వారంవారం నివేదికలు తయారుచేస్తాను. ఆర్ తెరవగానే నాకు కావలసిన ప్యాకేజీలన్నీ తెరుచుకునేలా, దశాంశాలు నాకు నచ్చినట్లు కనబడేలా, నేను రాసుకున్న చిన్న ఫంక్షన్లన్నీ సిద్ధంగా ఉండేలా అందులో రాసుకున్నాను. ప్రతి స్క్రిప్టు మొదట్లోనూ అవే పది పంక్తులు మళ్లీ మళ్లీ రాయడం ఎందుకు? అమరిక అంటే మన చేతికి అనువుగా మలచుకోవడమే కదా. సేద్యగణితం గారికి కూడా అదే సూచిస్తాను.

గణాంకవనం

గోదావరిగట్టు గారూ, నివేదిక తయారుచేసేదీ, చదివేదీ, మళ్లీ నడిపేదీ మీరే అయినంతకాలం మీ పద్ధతితో ఇబ్బంది లేదు. ఆ స్క్రిప్టు మరొకరి చేతికి వెళ్లిన రోజున, దానిలో సగం మీ యంత్రంలోనే ఉండిపోయిందని తెలుస్తుంది. అందుకే నేను పెట్టుకున్న గీత ఒకటే: కంటికీ చేతికీ సంబంధించినవి డాట్ ఆర్‌ప్రొఫైల్‌లో ఉండవచ్చు, జవాబును మార్చగలిగినవి ఉండకూడదు. క్రాన్ దర్పణం చిరునామా, కన్సోల్ ప్రాంప్టు రూపం, ఎన్ని దశాంశాలు చూపాలన్నది, పెద్ద సంఖ్యలను ఘాతరూపంలో చూపాలా వద్దా అన్నది నిరభ్యంతరంగా రాసుకోండి. వాటిని కూడా, మనిషి ఎదురుగా కూర్చుని నడిపేటప్పుడు మాత్రమే అమలయ్యేలా ఇంటరాక్టివ్ అన్న షరతు లోపల పెట్టడం మంచిది. ప్యాకేజీలను తెరవడం, ఫంక్షన్లను నిర్వచించడం, విశ్లేషణ ఎంపికలను మార్చడం స్క్రిప్టులో కనిపించాలి. మీ చిన్న ఫంక్షన్లను ఒక ఫైలులో పెట్టి సోర్స్‌తో పిలిస్తే పది పంక్తులు ఒక్క పంక్తి అవుతాయి. ఇంకా పెరిగితే సొంత ప్యాకేజీగా కట్టవచ్చు.

ప్యాకేజీలను ముందే తెరిచి ఉంచడం కూడా జవాబును మార్చగలదు. ఫిల్టర్ అనే ఫంక్షన్ ఆర్‌తో పాటే వచ్చే స్టాట్స్ ప్యాకేజీలో ఒకటుంది, డీప్లైయర్‌లో మరొకటుంది. ఏది పలుకుతుందన్నది ఏది తర్వాత తెరుచుకుందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

మరో మాట. ప్రాజెక్టు ఫోల్డర్‌లో సొంత డాట్ ఆర్‌ప్రొఫైల్ ఉంటే, ఆర్ దాన్ని చదివి హోమ్ ఫోల్డర్‌లో ఉన్నదాన్ని వదిలేస్తుంది. రెండూ కలిసి అమలవుతాయని అనుకునేవారు చాలామంది ఉన్నారు. ఇక రహస్య సంకేతాలు, పాస్‌వర్డులు ఉంటే వాటి చోటు డాట్ ఆర్‌ఎన్విరాన్. ఆ ఫైలును ఎవరికీ పంపకూడదు.

సేద్యగణితం

అందరికీ ధన్యవాదాలు. కొత్త ఆర్ పెట్టాను. సీ డ్రైవులోని ఫోల్డర్ డాట్ లిబ్‌పాత్స్‌లో మొదటి స్థానంలో కనిపిస్తోంది, కావలసిన ప్యాకేజీలన్నీ కంపైల్ ఊసు లేకుండా దిగాయి. కన్సోల్‌లో తెలుగు వచ్చింది. రాగ్, నిర్మలా యూఐ కలిపి వాడితే గ్రాఫులో శ్రీకాకుళం, జగ్గయ్యపేట, ఇబ్రహీంపట్నం అన్నీ ఒత్తులతో సహా సరిగ్గా కుదిరాయి.

గణాంకవనం గారు అడిగిన రెండూ చూశాను. ఇంటరాక్షన్ వరుస, రెసిడ్యువల్స్ వరుస రెండు పట్టికల్లోనూ చివరి అంకె వరకు ఒక్కటే. రకం, మోతాదు వరుసలు మాత్రమే వేరు. హోమ్ ఫోల్డర్‌లో డాట్ ఆర్‌ప్రొఫైల్ ఉంది, సీనియర్ పెట్టినదే. అందులో కొన్ని ప్యాకేజీలను తెరిచే పంక్తులతో పాటు, ఆప్షన్స్‌లో కాంట్రాస్ట్స్‌ను కాంట్ర్ డాట్ సమ్‌గా, కాంట్ర్ డాట్ పాలీగా మార్చే పంక్తి ఒకటి ఉంది. దానివల్లే తేడా వచ్చిందా? అయితే వీటిలో ఏ పట్టిక సరైనది?

గణాంకవనం

దానివల్లే. కాంట్రాస్టు అంటే ఫ్యాక్టరు స్థాయిలను సంఖ్యలుగా మార్చి పోల్చే పద్ధతి. ఆర్ తనంతట తాను వాడేది ట్రీట్‌మెంట్ కాంట్రాస్టు. అందులో మొదటి స్థాయిని ఆధారంగా పెట్టుకుని మిగతావాటిని దానితో పోలుస్తుంది. మీ రకాలు బీపీటీ 5204, ఎంటీయూ 1010 అనుకోండి. ఇంటరాక్షన్ ఉన్న మోడల్‌లో, ఆ కాంట్రాస్టు కింద కార్ ప్యాకేజీలోని అనోవాను టైప్-3 అడిగితే, మోతాదు వరుస చెప్పేది బీపీటీ 5204 అనే ఒక్క రకంలో మోతాదు ప్రభావాన్ని మాత్రమే. రకం వరుస చెప్పేది మొదటి మోతాదు వద్ద రెండు రకాల తేడాను మాత్రమే. సమ్ కాంట్రాస్టు కింద అవే వరుసలు అన్ని స్థాయిల సగటు మీద ప్రభావాన్ని చెబుతాయి, టైప్-3 పేరుతో మనం అడిగే ప్రశ్న అదే. అత్యున్నత స్థాయి ఇంటరాక్షన్, రెసిడ్యువల్స్ కాంట్రాస్టును బట్టి మారవు కాబట్టే వాటిని చూడమన్నాను.

కాబట్టి టైప్-3 పట్టికగా మీ దగ్గర వచ్చినదే సరైనది, గైడు గారి యంత్రంలో వచ్చినది కాదు. కానీ అది సరైనదయ్యేలా చేసిన పంక్తి మీ స్క్రిప్టులో లేదు, మీరు రాయని ఒక దాగిన ఫైలులో ఉంది. దాన్ని అక్కడి నుంచి తీసి స్క్రిప్టులోకి తెచ్చుకోండి. అంతకంటే స్పష్టంగా, మోడల్‌ను కట్టే ఎల్ఎమ్ పిలుపులోనే కాంట్రాస్ట్స్ అన్న ఆర్గ్యుమెంటులో ప్రతి ఫ్యాక్టరుకూ విడిగా చెప్పండి; అప్పుడు అదే ఫైలులో కింద ఉన్న మరో మోడల్ మీద దాని ప్రభావం పడదు. ఆ తర్వాత సీనియర్ ఫైలు పేరు మార్చి పక్కన పెట్టి, ఖాళీ ఆర్‌లో స్క్రిప్టు నడిపి, పట్టిక మారకుండా వస్తోందో లేదో సరిచూడండి.

పొలంలో ఏ మడికి ఏ మోతాదు అన్న కేటాయింపును కూడా ఆర్‌లోనే చేసి ఉంటే, మరో విషయం గమనించండి. 2019లో వచ్చిన ఆర్ 3.6.0 నుంచి శాంపిల్ ఫంక్షన్ యాదృచ్ఛిక ఎంపిక చేసే పద్ధతి మారింది. యాదృచ్ఛిక ఎంపికకు ఆరంభ సంఖ్యనిచ్చే సెట్ డాట్ సీడ్‌కు ఒకే సంఖ్య ఇచ్చినా, అంతకుముందు ఆర్‌లో వచ్చిన కేటాయింపు ఇప్పుడు రాదు. పాతదాన్నే తిరిగి రాబట్టాలంటే శాంపిల్ డాట్ కైండ్‌ను రౌండింగ్‌గా ఇవ్వాలి; కొత్త ప్రయోగానికి అది వద్దు. అందుకే థీసిస్ అనుబంధంలో సెషన్‌ఇన్ఫో ఇచ్చే వివరాలను చేర్చమంటాను. ఆర్ వెర్షన్, ప్యాకేజీల వెర్షన్లు, లొకేల్ అన్నీ అందులో ఉంటాయి.

ప్యాకేజీల వెర్షన్లను నిలకడగా ఉంచడానికి ఆర్‌ఎన్వ్ అనే ప్యాకేజీ ఉంది. ముందుగా ఈ పనిని ఆర్‌స్టూడియో ప్రాజెక్టుగా మార్చుకోండి. సెట్‌డబ్ల్యూడీతో మీ యంత్రానికే పరిమితమైన దారులు రాయడం మాని, హియర్ ప్యాకేజీతో ప్రాజెక్టు నుంచి దారులు ఇవ్వండి. తర్వాత ఆర్‌ఎన్వ్ ఇనిట్ ఒకసారి, విశ్లేషణ ఒక దశకు చేరినప్పుడల్లా స్నాప్‌షాట్. దానివల్ల ఏర్పడే లాక్ ఫైలును స్క్రిప్టుతో పాటు పంపితే గైడు గారు రీస్టోర్ అంటే చాలు. అయితే ఆర్‌ఎన్వ్ ఆర్ వెర్షన్‌ను రాసిపెడుతుందే తప్ప ఆర్‌ను ఇన్‌స్టాల్ చేయదు. ఇద్దరి దగ్గరా ఒకే శ్రేణి ఆర్ ఉండేలా మీరే చూసుకోవాలి.

గోదావరిగట్టు

కాంట్రాస్టు సంగతి చదివాక నా ప్రొఫైల్ ఫైలు తెరిచి చూశాను. అలాంటివేమీ లేవు గానీ, ప్యాకేజీలు తెరిచే పంక్తులను ఒక మొదలు ఫైలులోకి మార్చి, నివేదికలన్నీ దాన్ని సోర్స్‌తో పిలిచేలా చేస్తున్నాను. నా చిన్న ఫంక్షన్లు మాత్రం ప్రొఫైల్‌లోనే ఉంటాయి. అవి ఫైళ్లను తెరవడానికీ, కన్సోల్‌ను తుడవడానికీ రాసుకున్నవి.

సేద్యగణితం

స్క్రిప్టులోనే కాంట్రాస్టులు ఇచ్చి, రెండు యంత్రాల్లోనూ నడిపించాము, పట్టికలు కలిశాయి. ఆఖరి ప్రశ్న ఒకటి. థీసిస్‌లో తెలుగు పేర్లున్న గ్రాఫులను పీడీఎఫ్‌లో పెట్టాలి. ఆర్ సొంత పీడీఎఫ్ పరికరంతో గీస్తే తెలుగు పేర్లున్నచోట అక్షరాలే రావడం లేదు.

ఒత్తులూ పొల్లులూ

ఆ పరికరం తెలుగుకు పనికిరాదు, దానితో కుస్తీ పట్టకండి. గ్రాఫును రాగ్‌తో 300 లేదా 600 డీపీఐ పీఎన్‌జీగా సేవ్ చేసి థీసిస్‌లో చేర్చండి; అచ్చులో స్పష్టంగానే వస్తుంది. థీసిస్‌ను, కోడూ పాఠమూ కలిపి రాసే క్వార్టోలోనో ఆర్‌మార్క్‌డౌన్‌లోనో రాస్తుంటే, చంకు (కోడ్ ముక్క) ఎంపికల్లో డెవ్‌ను రాగ్ పీఎన్‌జీగా ఇస్తే ప్రతి బొమ్మా అలాగే తయారవుతుంది. పాఠంలో కూడా తెలుగు ఉంటే పీడీఎఫ్ ఇంజనుగా జీలాటెక్ (లాటెక్ అనే అచ్చుకూర్పు వ్యవస్థలో ఒక రకం) కావాలి, మెయిన్‌ఫాంట్‌గా తెలుగు ఉన్న ఫాంటు పేరు ఇవ్వాలి. పీడీఎఫ్‌లాటెక్ ఎంచుకుంటే తెలుగు అక్షరం దగ్గరే ఆగిపోతుంది. లాటెక్ మీ యంత్రంలో లేకపోతే టైనీటెక్ సరిపోతుంది. దాన్ని కూడా, మీ వాడుకరి పేరు తెలుగులో ఉంది కాబట్టి, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సీ డ్రైవులో వేరే చిన్న పేరున్న ఫోల్డర్‌ను చూపి అక్కడ పెట్టండి.